కండబలము, గుండెబలము, కొలువు

క్రీ.శ. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన డొమింగో పేస్ అను పోర్చుగీసు యాత్రికుడు శ్రీకృష్ణదేవరాయల దినచర్యను వర్ణించుచు, ఆ ప్రభువు తెల్లవారకమున్నే మేల్కాంచి, కొంత నువ్వులనూనె త్రావి, ఆ నూనెనే మేనెల్ల పట్టించుకొని, మొలకు చిన్నగుడ్డ బిగించి, మట్టితో చేసిన పెద్ద పెద్ద బరువులను చేతుల నెత్తుననియు, పిమ్మట కత్తి గైకొని త్రావిన నూనె యంతయు చెమటయై పోవువరకు సాము చేయుననియు, అటుతరువాత తన మల్లులలో నొకనితో కుస్తీ పట్టి, ఆపైని గుఱ్ఱమెక్కి తెల్లవారువరకు మైదానమున నటునిటు స్వారి చేయుననియు వ్రాసియున్నాడు. త్రావిన నూనె చెమటగా వెలువడునను మాట శరీరశాస్త్రమునకు సమ్మతము కాదు. చెమట ఉప్పునీరేగాని తైలము కాదు. ఐనను ఆ వరుసను చూడుడు: మొదట బరువులు, పిదప కుస్తీ, తుదకు స్వారి, కండకు పని ముందు, గుండెకు పని తరువాత, ఆ మీదట స్నానము, దేవతార్చన, అటుపిమ్మటనే రాజకార్యములు. నేటి వ్యాయామశాస్త్రజ్ఞుడు ఈ పట్టికను దిద్దబూనినచో కొట్టివేయవలసినది నూనె యొక్కటియే.

ఐతే రాయలవారికి నీళ్ళు పోయుటకు మనుష్యులు గలరు, కచేరికి ఆలస్యముగా వచ్చితిరేమని అడుగు పైయధికారి లేడు. ఆ కాలముననే వారి రాజ్యములో నాగలి పట్టిన రైతుకుగాని, ఏతము త్రొక్కిన కూలికిగాని, రోట దంచి తిరగలి విసరిన గృహిణికిగాని ప్రత్యేకముగా బరువులెత్తవలసిన ఆవశ్యకమే లేకుండెను. వారి జీవనోపాధిలోనే బరువును పరుగును కలిసియుండెను. మన కాలపు ఉద్యోగికి రాజుగారి తీరికయు లేదు, రైతు శ్రమయు లేదు. మాదాపూరులో కంప్యూటరు ముందు కూర్చుండువాడైనను, విజయవాడలో బ్యాంకు కౌంటరు వెనుక కూర్చుండువాడైనను, ఇంటినుండి వాహనమునకు, వాహనమునుండి లిఫ్టుకు, లిఫ్టునుండి కుర్చీకి నడచిన నాలుగడుగులు తప్ప దేహమును కదలింపకయే దినము గడపగలుగుచున్నాడు. ఇట్టివానికి వ్యాయామము చేయుమని చెప్పుట సులభము. ఏ వేళ, ఎంత, ఏ రూపమున అని చెప్పుటలోనే చిక్కు కలదు. ఆ చిక్కు విడదీయుటకు ముందు, కూర్చుండి చేయు పనికిని హృద్రోగమునకును గల సంబంధమును లోకమునకు మొదట లెక్కలతో చూపిన మహనీయుని కథ చెప్పుకొనవలయును.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప ఇంగ్లండులో గుండెపోటు మరణములు విపరీతముగా పెరుగుచుండగా, జెరమీ మారిస్ అను వైద్యుడు, మనుష్యులు చేయు వృత్తులలో దీనికి కారణ మేమైన దొరకునా అని వెదకనారంభించెను. ఆయన దృష్టి లండను నగరపు రెండంతస్తుల బస్సులపై బడెను. ఒక్కొక్క బస్సులో ఇద్దరుద్యోగులు: ఒకడు డ్రైవరు, వేళంతయు కూర్చుండియే యుండువాడు, రెండవవాడు కండక్టరు, టికెట్లు కోయుటకై క్రిందికిని మీదికిని దినమునకు 500 మొదలు 750 మెట్లవరకు ఎక్కుచుండువాడు. ఇద్దరును ఒకే వర్గమువారు. 35 మొదలు 64 ఏండ్లవరకు వయస్సుగల 31,000 మంది రవాణా ఉద్యోగుల ఆరోగ్యవివరములను పరిశీలింపగా, కండక్టర్లకు హృద్రోగము డ్రైవర్లకంటె తక్కువగా వచ్చుచున్నదనియు, వచ్చినను ముదిరిన వయస్సున వచ్చుచున్నదనియు, వచ్చినవారిలో వెంటనే మరణించువారును తక్కువేయనియు తేలెను. ఈ ఫలితము 1953వ సంవత్సరమున లాన్సెట్ పత్రికలో వెలువడెను. తపాలాశాఖలో ఇంటింటికి తిరిగి ఉత్తరములు పంచువారికిని, కూర్చుండి పనిచేయు గుమాస్తాలకును ఇట్టి తారతమ్యమే కనబడెను.

మారిస్ గొప్పతనము ఇక్కడితో నాగినచో ఆయన కథ ఇంత వివరముగా చెప్పనక్కరలేదు. తన సిద్ధాంతమును తానే శంకించి, డ్రైవరు ఉద్యోగమునకు మొదటినుండియు స్థూలకాయులే చేరుచున్నారేమో, అట్లయినచో దోషము కుర్చీది కాదుగదా యని ఆయన ప్రశ్నించుకొనెను. అందుకై ఆయన వెదకిన సాక్ష్యము రవాణాసంస్థవారు ఉద్యోగులకు కుట్టించి యిచ్చిన యూనిఫారముల కొలతల పుస్తకములు! ఆ పుస్తకములలో డ్రైవర్ల నడుముకొలతలు కండక్టర్ల కొలతలకంటె ఎక్కువగానే యున్నవి. ఈ సంగతిని దాచక 1956లో ప్రకటించి, ఐనను నడుము సన్నమైనను లావైనను డ్రైవరుకే అపాయ మధికమని కూడ చూపెను. దర్జీల లెక్కలలోనుండి వైద్యశాస్త్రమును పిండిన ఇట్టి యుక్తి నాకు మిక్కిలి ప్రియమైనది. మన హైదరాబాదు, సికిందరాబాదులలోను దశాబ్దములపాటు రెండంతస్తుల బస్సులు తిరిగినవి. కాని మన కండక్టర్ల గుండెలను ఎవరైన కొలిచిరా యని విచారించు పాఠకునకు నిరాశయే మిగులును. మారిస్ మాత్రము తన పరిశోధనను తాను నమ్మి, వ్యాయామము విడువక, 2009లో తొంబదితొమ్మిదేండ్లు నిండి, నూరవయేట కన్నుమూసెను.

మెట్లెక్కునపుడు దేహములో జరుగునది యేమి? విశ్రాంతిగా కూర్చున్న మనుష్యుని గుండె నిమిషమునకు ఇంచుమించు 5 లీటర్ల రక్తమును త్రోయును. తీవ్రశ్రమలో ఆరోగ్యవంతుడైన సాధారణుని గుండె 20 లీటర్లవరకు త్రోయగలదు. ఈ భారము తరచుగా పడుచుండినచో ఎడమ జఠరిక ఒక్కొక్క స్పందనకు ఎక్కువ రక్తము పంపనేర్చును, కండరములలో కేశనాళికలు పెరుగును, కణములలో ప్రాణవాయువును వాడుకొను మైటోకాండ్రియాలు వృద్ధి పొందును. ఇది గుండెబలము. కండబలము వేరొక త్రోవను వచ్చును. పెనుబరువు నెత్తునపుడు, చిన్న నాడీకణములు మొదట మేల్కొని, అవి చాలనిచో పెద్దవి మేల్కొని, తమ యధీనములోని బలిష్ఠమైన కండతంతువులను పనిలో దించును. నెమ్మదిగా నడచునపుడు ఆ పెద్దతంతువులు నిద్రించుచునేయుండును. కావుననే దినమునకు పదివేల అడుగులు నడచువాడును ముప్పది ఏండ్ల పిమ్మట కండను కోల్పోవుచునే యుండవచ్చును. దశాబ్దమునకు నూటికి 3 మొదలు 8 పాళ్ళవరకు కండరము తరిగిపోవునని సాధారణముగా చెప్పుదురు. ఈ క్షయమునకు 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అను శాస్త్రజ్ఞుడు సార్కొపీనియా యని పేరిడెను.

మనవారికి బలముపై గౌరవము లేక కాదు. వీరఘట్టములో పుట్టి, ఇనుపగొలుసులు త్రెంచి, ఏనుగును ఱొమ్మున నెక్కించుకొన్న కోడి రామమూర్తినాయుడుగారిని కలియుగభీముడని కీర్తించినవారమే. కాని ఆ బలమును మనము సర్కసు గుడారములో టికెట్టు కొని చూడదగిన వింతగానే తలచితిమిగాని, గుమాస్తా కూడ సంపాదించుకొనవలసిన నిత్యావసరముగా తలపలేదు. తాలింఖానా కుఱ్ఱవాండ్రది, ఉదయపు నడక పెద్దలది అను విభాగము మన ఊళ్ళలో నేటికిని నిలిచియున్నది. తలక్రిందులుగా నున్న విభాగమిది. బరువులెత్తవలసిన అక్కర ఇరువదేండ్లవానికంటె అరువదేండ్లవానికే హెచ్చు, ఏలయన కుర్చీనుండి చేయి ఊనక లేవగలుగుట ఒకనాడు వానికే సమస్య యగును.

ఇక కాలపరిమాణము. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో ప్రకటించిన సూచనలను బట్టి, పెద్దవారికి వారమునకు 150 మొదలు 300 నిమిషముల మధ్యమశ్రమ గాని, 75 మొదలు 150 నిమిషముల తీవ్రశ్రమ గాని, లేదా రెండిటి మిశ్రమము గాని అవసరము; వీనితోబాటు ప్రధానమైన కండరములన్నిటికిని పనిగల్పించు బలసాధన వారమునకు రెండుదినములైన ఉండవలయును. ఈ అంకెలకంటె ముఖ్యమైన మార్పు ఒకటి ఆ సూచనలలో నిశ్శబ్దముగా చోటుచేసికొన్నది. 2010 నాటి సూచనలలో శ్రమ ఒక్కొక్కసారి పదినిమిషములకు తగ్గరాదను నియమ ముండెను. 2020లో ఆ నియమమును తొలగించిరి. ఏకధాటిగా గంట దొరకనివాని కిది గొప్ప విడుదల. గుండె గడియారము చూచుకొనదు. ఎంత తీవ్రముగా, వారము మొత్తముమీద ఎంతసేపు పనిచేసితినన్నదే దానికి లెక్క.

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమువారు 2019లో ప్రకటించిన ఒక చిన్న ప్రయోగమును గైకొనుడు. వ్యాయామపు టలవాటు లేని యువకులు మూడంతస్తుల మెట్లను, అనగా 60 మెట్లను, వేగముగా ఎక్కిరి. ఇట్లు దినమునకు మూడుసార్లు, ఒక్కొక్కసారికి నడుమ ఒకటి మొదలు నాలుగు గంటల యెడమిచ్చి, వారమునకు మూడుదినములు, ఆరువారములు. వారి గరిష్ఠ ప్రాణవాయు వినియోగము నూటికి 5 పాళ్ళు పెరిగెను. పెరుగుదల కొంచెమేయైనను, వెచ్చించిన కాలమును తలచినచో కొంచెము కాదు. దీనిలోని రహస్యమును సామాన్యగణితముతో తెలిసికొనవచ్చును: 60 కిలోల బరువుగల మనుష్యుడు పది మీటర్ల ఎత్తును 25 సెకండ్లలో ఎక్కినచో, గురుత్వమునకు విరుద్ధముగా అతడు చూపిన సామర్థ్యము సుమారు 235 వాట్లు; అనగా అశ్వసామర్థ్యములో మూడవవంతుకు సమీపము! ఖర్చయిన శక్తి మాత్రము ఆరేడు కెలోరీలకు మించదు. మెట్లెక్కి పొట్ట కరిగింపవలెనను ఆశ పెట్టుకొన్నవాడు అందుచేతనే నిరాశపడును. మెట్లు కొవ్వుకొరకు కావు, గుండెకొరకు.

బ్రిటనులో వ్యాయామము చేయని 25,241 మంది ముంజేతులకు చలనమాపకములను కట్టి, పిదప ఏండ్లతరబడి వారి యోగక్షేమములను కనిపెట్టిన మరియొక అధ్యయనము 2022లో వెలువడినది. దైనందిన కార్యములలోనే ఒకటి రెండు నిమిషములపాటు రొప్పునంతగా శ్రమపడు ఘడియలు దినమునకు మూడు గలవారిలో, అవి బొత్తిగా లేనివారికంటె మరణములు నూటికి 38 మొదలు 40 పాళ్ళు తక్కువగా నుండెను. ఈ అంకెను చూచి మురియుటకు ముందు మారిస్ దర్జీపుస్తకములను స్మరించుట మంచిది. వేగముగా మెట్లెక్కువారు ఆరోగ్యవంతులగుటచేతనే మెట్లెక్కుచున్నారేమో. పరిశీలనవలన దొరకిన సంబంధమును కారణమని తొందరపడి పిలువరాదు. ఐనను ప్రయోగమును పరిశీలనయు ఒకే దిక్కును చూపుచున్నవి.

కండబలమును మాత్రము ఇట్లు దారిలో ఏరుకొనుట కొంచెము కష్టము. దీని నియమమును రెండవ ప్రపంచయుద్ధకాలమున చికాగోలోని ఒక సైనికవైద్యాలయములో థామస్ డిలార్మ్ అను వైద్యుడు స్పష్టపఱచెను. మోకాళ్ళు దెబ్బతిన్న సైనికులకు ఆనాడు తేలికబరువులతో పలుమారులు కదలించు వ్యాయామమే విధించుచుండగా, డిలార్మ్ అందుకు భిన్నముగా, పదిసార్లు మాత్రమే ఎత్తగలిగినంత పెనుబరువు నిచ్చి, బలము పెరిగినకొలది బరువును పెంచుచుపోయెను. మొదట ఒక్కొక్క పూటకు ఏడు మొదలు పది ఆవృత్తులు, అనగా పదేసి ఎత్తుల వరుసలు, చేయించిన ఈయనయే, కొలదికాలములో మూడు చాలునని తగ్గించుకొనెను. క్రమముగా పెరుగు ప్రతిరోధమను ఈ సూత్రమే నేటి జిమ్ముల కన్నిటికిని మూలము. తేలికబరువు కూడ పనికివచ్చును, కాని కండరము ఇక ఎత్తలేనను స్థితికి చేరువయగువరకు ఎత్తవలయును. పదిమారులు సునాయాసముగా ఎత్తి దింపినచో పెద్దతంతువులు నిద్ర లేవవు.

కాలము తక్కువగా నున్నవానికి ఒక ఉపాయము కలదు. ఒక ఆవృత్తికిని మరియొకదానికిని నడుమ రెండు మూడు నిమిషములు విశ్రమింపవలసియుండుటచే, జిమ్ములో గడపిన గంటలో అధికభాగము ఫోను చూచుకొనుటకే పోవుచున్నది. ఆ విశ్రాంతిలో ప్రతిపక్షకండరమునకు పని కల్పించినచో, అనగా దండీలు తీసిన వెంటనే రబ్బరుపట్టీని తలుపుగొళ్ళెమునకు తగిలించి తనవైపు లాగుకొనినచో, త్రోయు కండరము విశ్రమించుచుండగా లాగు కండరము పనిచేయును. గంటపని అరగంటకు దిగును. దండీలు, లాగుడు, బస్కీలు, నేలనుండి బరువెత్తుట, ఈ నాలుగింటితో దేహములోని పెద్దకండరములన్నియు పూర్తి యగును. బరువునకు ఇనుమే కానక్కరలేదు. ప్రతి ఆఫీసులోను ఇరువది లీటర్ల మంచినీళ్ళ క్యాను కలదు, దాని బరువు సుమారు 20 కిలోలు; దానిని దినమున కొకమారు నీళ్ళయంత్రముపై నెత్తిపెట్టువాడు అటెండరు, దాని నీళ్ళు త్రావువాడు ఆఫీసరు. లండను బస్సులోని తారతమ్యమే మన కచేరిలోను కొనసాగుచున్నదనవచ్చును.

వేళ విషయమున ఒక్క హెచ్చరిక. రాత్రియంతయు పండుకొనియుండగా వెన్నుపూసల నడుమనున్న మృదులాస్థిబిళ్ళలు నీటిని పీల్చుకొని ఉబ్బును. అందుచే ఉదయమున మన ఎత్తు సాయంకాలముకంటె ఒక సెంటీమీటరైన అధికముగా నుండును. నిద్రలేచినవెంటనే నడుము వంచి బరువులెత్తుట ఈ కారణమున మంచిది కాదు. గంటసేపైన అటునిటు తిరిగిన పిదప ఎత్తవలయును. మధ్యాహ్నము దాటిన పిమ్మట దేహోష్ణత హెచ్చుటచే బలమును కొంత హెచ్చును. కాని సాయంకాలమునకు వాయిదావేసిన వ్యాయామము ఎన్నిమార్లు జరుగునో ప్రతియుద్యోగికిని తెలియును గావున, ఈ కొద్దిపాటి లాభమునకై ఉదయమును విడువుమని నేను చెప్పజాలను.

రెండువిధముల శ్రమయు ఒకదానినొకటి చెరచునా యను సందేహ మున్నది. రాబర్ట్ హిక్సన్ అను పరిశోధకుడు స్వయముగా బరువులెత్తువాడు. పరుగున ఆసక్తిగల తన ఆచార్యునితో దినదినము పరుగిడుచు తన కండలు తరుగుచుండుటను గమనించి, దానినే పరిశోధనాంశముగా గైకొనెనని చెప్పుదురు. 1980లో ఆయన ప్రకటించిన ప్రయోగములో, బరువులను పరుగును కలిపి చేసినవారి బలము ఏడెనిమిది వారములవరకు పెరిగి, తొమ్మిది పది వారములకు తగ్గుముఖము పట్టెను. కాని వారు చేసినది వారమునకు ఐదుదినములు బరువులు, ఆరుదినములు గుండెశ్రమ! వారమునకు రెండు అరగంటలు దొరకుటయే గగనమైనవాడు ఈ వైరమునకు భయపడుట అకాలచింత. ఒకేపూట రెండును చేయవలసివచ్చినపుడు రాయలవారి వరుసయే పాటించి, బరువులు ముందు ముగించిన చాలును.

మనదేశమున వేరొక తొందర యున్నది. 2023లో ప్రకటితమైన భారత వైద్యపరిశోధనామండలి అధ్యయనము దేశమున మధుమేహులు 10.1 కోట్లమంది యని లెక్కించినది; మనకు చూపునకు సన్నముగా నున్నను కడుపులో కొవ్వు చేరు తత్త్వము హెచ్చు. భోజనమునందలి చక్కెర రక్తమునుండి కండరములోనికి ప్రవేశించుటకు సామాన్యముగా ఇన్సులిను ద్వారము తెఱువవలయును. కండరము ముడుచుకొని సాగుచుండినప్పుడు ఇన్సులిను లేకయే ఆ ద్వారము తెఱచుకొనును. కావున మధ్యాహ్నము అన్నము తిన్నవెంటనే కుర్చీలో కూలబడక పది పదునైదు నిమిషములు నడచినవాని రక్తములో చక్కెర అంతగా పైకెగయదు. భోజనముచేసి నూరడుగులు వేయుమని పెద్దలు చెప్పినది ఆఫీసు వరండాలోను సాధ్యమే. కండ పెరుగుటకు మాంసకృత్తులును కావలయును. కిలో దేహభారమునకు దినమునకు 0.83 గ్రాములని మన జాతీయ ప్రమాణము. పప్పును, పెరుగును, గ్రుడ్డును అన్నపురాశిచాటున దాచు మన విస్తరిలో ఈ మాత్రము కూడ కొందరికి సమకూరదు.

రక్తపుపోటు గలవారు ఊపిరి బిగబట్టి బరువెత్తరాదు. కండలుతిరిగిన వస్తాదులు రెండుకాళ్ళతో పెనుబరువును త్రోయుచుండగా ధమనిలోనే కొలిచిచూచిన ఒక ప్రయోగములో, పోటు సగటున 320/250 వరకు ఎగసెను. ఎత్తునపుడు ఊపిరి విడిచినచో ఈ యెగుడు చాలవరకు తగ్గును. ఱొమ్మున నొప్పి, తల తిరుగుట గలవారు మెట్లను పరుగున ఎక్కుటకు ముందు వైద్యుని దర్శింపవలయును.

ఇక మార్చినెల. బ్యాంకుద్యోగికి సంవత్సరాంతపు లెక్కలు, తక్కినవారికి వేరొక గడువు. ఎంతటి నిష్ఠాపరుని పట్టికయైనను చెదరు వారములివి. అప్పుడు దేనిని తగ్గింపవలెనను ప్రశ్నకు శాస్త్రము ఆశ్చర్యకరమైన స్పష్టతతో సమాధాన మిచ్చుచున్నది. బరువును తగ్గింపక, వారమునకు మూడుమార్లు చేయుదానిని ఒకమారునకు కుదించినవారు పండ్రెండు వారములవరకు బలమును నిలుపుకొనిరి. హిక్సన్ తరువాతి ప్రయోగములలో, గుండెశ్రమ చేయు దినములనుగాని నిమిషములనుగాని మూడవవంతునకు తగ్గించినను ప్రాణవాయు వినియోగము పదునైదు వారములు నిలిచెను. తీవ్రతను తగ్గించినప్పుడు మాత్రము దిగజారెను. మన ఉద్యోగి చేయునది సరిగా దీనికి విరుద్ధము: తీరిక లేనపుడు బరువులను పూర్తిగా మాని, సాయంకాలము ఫోనులో మాటలాడుచు అరగంట నెమ్మదిగా నడచును. ఆ అరగంటకు బదులు, ఆదివారము పూట అదే బరువుతో ఒక్క ఇరువదినిమిషములును, తక్కినదినములలో లిఫ్టు తలుపులు తెఱచుకొనియున్నను మూడంతస్తులు ఒక్క ఊపున ఎక్కుటయును చాలును. ఏప్రిలు వచ్చువరకు అతని కండయు గుండెయు ఉన్నచోటనే యుండును.